థర్మాకోల్ ఇంక్యుబేటర్‌లో వేడి నిలవట్లేదా? ముందు సెన్సార్‌ను అనుమానించండి

గుడ్లు పొదిగే మీ పెట్టెలో వేడి 36 డిగ్రీలకు పడిపోతోందని, మళ్లీ 39.5 దాకా ఎక్కుతోందని, లోపలున్న రెండు మీటర్లు రెండు రకాలుగా చూపిస్తున్నాయని, గుడ్లు పెట్టి తొమ్మిది రోజులైందని రాశారు. గుడ్లు ఉంచాలా పారేయాలా అన్నదే కదా మీ టెన్షన్. పారేయకండి. ఈ రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చి మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదులుతున్న నల్లచుక్క కనిపిస్తే పిల్ల బతికే ఉంది. నరాలు లేకుండా ఎర్రటి ఉంగరంలాంటి గీత ఒక్కటే ఉంటే పోయినట్టు. అసలేమీ లేకుండా పసుపుగా వెలిగిపోతే చాలావరకు పుంజు తొక్కని గుడ్డే.

గాలి వేడి ఊగినంతగా గుడ్డు లోపలి వేడి ఊగదు. గుడ్డులో ఉండేది ఎక్కువగా నీరే. అది నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. అందుకే మీ గుడ్ల మీద నాకింకా ఆశ ఉంది.

నా సంగతి చెప్తాను. మాది పల్నాడు. మూడేళ్ల కిందట నాటుకోడి గుడ్లు 30 పెట్టాను. డిస్‌ప్లే రోజూ బుద్ధిగా 37.5 చూపించింది. 21వ రోజు ఒక్కటీ పగల్లేదు. 23వ రోజున నాలుగు పిల్లలు వచ్చాయి, అవీ నీరసంగా. పక్క గదిలో బుట్టలో పొదిగిన పెట్ట మాత్రం 12 గుడ్లకు పది పిల్లల్ని లేపింది. మా నాయనమ్మ నెల రోజులు నన్ను ఆడిపోసుకుంది. పిల్లలు ఆలస్యంగా వచ్చాయంటే సాధారణంగా వేడి తక్కువైనట్టు. 19, 20 రోజులకే వచ్చేస్తుంటే ఎక్కువైనట్టు. తర్వాత వెతికితే తేలిందేమిటంటే, వేడిని కొలిచే సెన్సార్ కొనను బల్బుకు బెత్తెడు దూరంలో వేలాడదీశాను. అక్కడ 37.5 రాగానే బల్బు ఆరిపోయేది. మూలనున్న గుడ్ల దగ్గర 36 కూడా ఉండేది కాదు.

రెండోసారి ఇంకా ఘోరం. సెన్సార్ వైరు జారి కొన, తేమ కోసం పెట్టిన నీళ్ల పళ్లెంలో పడింది, నేను చూసుకోలేదు. పళ్లెంలో నీళ్లు ఆవిరవుతూ ఉంటాయి కాబట్టి గాలి కంటే చల్లగా ఉంటాయి. సెన్సార్‌కు ఆ చల్లదనమే తెలిసింది, బల్బు ఆరనే లేదు. ఒక్క రాత్రిలో మొత్తం పోయాయి. గుడ్లు కాసేపు చల్లబడితే తట్టుకుంటాయి, రెండు మూడు గంటలు కరెంటు పోయినా మూత తీయకుండా ఉంటే చాలావరకు బతుకుతాయి. 40 దాటి గంటలు గంటలు ఉంటే మాత్రం బతకవు.

అందుకే సెట్టింగులు కెలకడానికి ముందు కొలతను సరిచూసుకోండి. దీనికి ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ చాలు, మనకు కావలసిన 37 - 38 దగ్గర అది బాగా నమ్మకంగా పనిచేస్తుంది. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు పోసి, థర్మామీటర్ కొన, సెన్సార్ కొన ఒకే చోట ముంచి, కలుపుతూ బీప్ వచ్చేదాకా ఆగండి. నా దాంట్లో సెన్సార్ 1.1 డిగ్రీలు ఎక్కువ చూపించింది. మీరు వాడుతున్న డబ్ల్యూ1209 బోర్డులో (సెన్సార్‌ను బట్టి బల్బును వెలిగించి ఆర్పే చిన్న సర్క్యూట్) ఆ తేడాను పీ4 అనే సెట్టింగులో మైనస్‌గా పెట్టుకోవచ్చు. తెల్లటి గడియారంలాంటి తేమ మీటరును మాత్రం నీళ్లలో ముంచకండి, సరిచేసిన సెన్సార్ పక్కన పెట్టి తేడా ఎంతో రాసుకోండి. మీ రెండు మీటర్లలో ఏది అబద్ధమో అప్పుడు తేలిపోతుంది. నాకైతే రెండూ అబద్ధమే అనిపిస్తోంది!

ఇక ఆ ఊగిసలాట. ఆ బోర్డులో పీ1 మామూలుగా 2 డిగ్రీల మీద వస్తుంది. అంటే 37.5కి ఆరిన బల్బు 35.5కి దిగితేగానీ వెలగదు. సెట్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 వస్తుంది, ప్లస్ నొక్కి పీ1కి వెళ్లి 0.3 పెట్టండి. 0.1 పెడితే రిలే (బల్బును వేసి ఆర్పే బోర్డు మీది స్విచ్) ఊరికే టకటకలాడి తొందరగా అరిగిపోతుంది. రిలే అతుక్కుపోయిందంటే బల్బు ఆరదు, అది అన్నిటికంటే ప్రమాదం.

39.5 దాకా పోతోందంటే మాత్రం ఆ చిన్న పెట్టెకు మీ రెండు 60 వాట్ల బల్బులు ఎక్కువైనట్టే. స్విచ్ ఆరినా వాటి గాజు వేడి కాసేపు వదులుతూనే ఉంటుంది. తక్కువ వాట్లవి దొరక్కపోతే ఆ రెంటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగలో కలపండి, రెండూ కలిపి 40 వాట్ల చుట్టూ తీసుకుంటాయి, ఏళ్ల తరబడి మాడవు. ఒకటి పోతే రెండూ ఆరిపోతాయన్నది ఒక్కటే లోపం. (ఎల్‌ఈడీ పెట్టి వేడి రావట్లేదని నెత్తీనోరూ కొట్టుకున్న మిత్రుడొకడు నాకున్నాడు.) వైరింగ్ ముట్టుకునే ముందు ప్లగ్ పీకేయండి, పక్కనే నీళ్లున్నాయి. లోపల గుడ్లు తగలని చోట లీటరు సీసాలు రెండింటి నిండా గోరువెచ్చటి నీళ్లు పోసి పెడితే ఊపు ఇంకా తగ్గుతుంది.

ఫ్యాన్ బల్బుతో పాటు ఆగిపోతోందేమో చూడండి. చాలామంది రెంటినీ ఒకే లైనుకు ఇచ్చేస్తారు. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. ఫ్యాన్ ఉన్న పెట్టెకు 37.5 లెక్క. ఫ్యాన్ లేకపోతే గుడ్ల పైభాగం దగ్గర కొలిచి 38.5 ఉంచాలి. సెన్సార్ కొన గుడ్ల ఎత్తులో, బల్బు ఎదురుగా కాకుండా, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టకుండా ఉండాలి.

సాయంత్రాలు మాత్రమే 36కి పడిపోతుంటే ఓల్టేజీ చూసుకోండి. 180 ఓల్టుల దగ్గర 60 వాట్ల బల్బు 40 వాట్ల పనే చేస్తుంది. బల్బులు సిరీస్‌లో ఉంటే ఇది ఇంకా తెలుస్తుంది.

మే నెలలో పెట్టాలనుకుంటే ఒక్కసారి ఆలోచించండి. మా ఇంట్లో మధ్యాహ్నం గదిలోనే 40 దాటుతుంది, బల్బు ఆర్పినా పెట్టె చల్లబడే దారి లేదు. ఆ ఎండల రోజుల్లో నేను పెట్టెను మూలన పడేసి గుడ్లను పెట్టలకే వదిలేస్తున్నాను.

రెండో వారం దాటాక ఏమీ ముట్టుకోకుండానే మీటరు కొద్దిగా పైకి ఎక్కితే కంగారుపడకండి. పెరుగుతున్న పిల్లలు సొంతంగా వేడి పుట్టిస్తాయి. పెట్టె కిక్కిరిసి ఉంటే గాలి రంధ్రం ఇంకొకటి తెరవండి. 18వ రోజు నుంచి గుడ్లు తిప్పడం మానేసి, తేమను 50 శాతం నుంచి 65 - 70 శాతానికి పెంచి మూత వేసేయండి. లోపల కిచకిచలు వినిపిస్తాయి, చూడాలని చేతులు దురద పెడతాయి. నేను తెరిచాను ఒకసారి. సగం పగిలిన గుడ్లలో రెండింటికి పొర ఎండిపోయి, పిల్లలు లోపలే అతుక్కుపోయాయి.