హ్యాండోవర్ ఫైళ్లు చూడబోయే అమ్మాయికి

చిరంజీవి బుజ్జికి,

పెద్దనాన్న ఆశీస్సులు. పేటెంట్ ఎగ్జామినర్‌గా చేరావనీ, ఏ గ్రూపు కావాలని అడిగితే ఫోన్ల కదలికను చూసే మొబిలిటీయే కోరుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. హ్యాండోవర్ అంటే కదులుతున్న ఫోను ఒక టవర్‌ని, అంటే బేస్ స్టేషన్‌ని, వదిలి ఇంకోదానికి మారడం. ఆ ఫైళ్లన్నీ పైకి ఒకేలా ఉంటాయి తల్లీ. ఒక ఫోను, రెండు బేస్ స్టేషన్లు, మధ్యలో సందేశాలను చూపే పది బాణాలు. ఆ పోలికే మోసం చేస్తుంది. నీకా, చిన్నప్పటి నుంచీ అట్ట చూసి పుస్తకంలో ఏముందో చెప్పేసే అలవాటు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మామూలు సంగతులు ట్రైనింగ్‌లో చెప్తారు. ముందు క్లెయిమ్‌లు, అంటే అప్లికెంట్ తనదని హక్కు కోరే అంశాలు, చదువు, వివరణ తర్వాత. ఇంకో క్లెయిమ్ మీద ఆధారపడని ఇండిపెండెంట్ క్లెయిమ్‌లన్నీ పక్కపక్కన పెట్టుకో. అబ్‌స్ట్రాక్ట్ అనే సారాంశాన్ని నమ్మకు.

గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. క్లెయిమ్ చదివాక దాన్ని నీ చేత్తో బొమ్మ గీయి. అప్లికెంట్ ఇచ్చిన డ్రాయింగ్ చూసి కాదు, క్లెయిమ్‌లో ఉన్న మాటల్ని మాత్రమే పట్టుకుని. నాలుగు నిలువు గీతలు: ఫోను, అది వదిలే సోర్స్ బేస్ స్టేషన్, చేరే టార్గెట్ బేస్ స్టేషన్, వెనకనున్న కోర్ నెట్‌వర్క్. ఒక్కో స్టెప్ దగ్గర మూడు ప్రశ్నలు రాయి: ఎవరు నిర్ణయించారు, దేన్ని చూసి నిర్ణయించారు, నిర్ణయం అయ్యాక ఏ బాణం బయల్దేరింది. తర్వాత నువ్వు పట్టుకున్న ప్రయర్ ఆర్ట్ (అప్లికేషన్‌కి ముందే బయట ఉన్న) పత్రానికీ అలాంటి బొమ్మే ఇంకోటి గీసి పక్కన పెట్టు. తేడా కంటికి ఆనుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, నీ మొదటి నెలలోనే తగులుతుంది. క్లెయిమ్ ఇలా ఉంటుంది: ఫోను సోర్స్ బేస్ స్టేషన్ నుంచి ఒక షరతునూ టార్గెట్ సెల్ (బేస్ స్టేషన్ సిగ్నల్ పరిధి) కాన్ఫిగరేషన్‌నూ అందుకుంటుంది, పక్క సెల్ సిగ్నల్ తన సెల్ కంటే ఒక ఆఫ్‌సెట్ (నిర్ణీత తేడా) మేర బలపడితే షరతు నెరవేరినట్టు, నెరవేరగానే ఇంకో ఆదేశం కోసం ఆగకుండా టార్గెట్‌కి వెళ్లిపోతుంది. నువ్వు సెర్చ్ చేస్తావు. 4జీ ప్రమాణమైన ఎల్‌టీఈలో రిలీజ్ 8 (రిలీజ్ అంటే ప్రమాణం విడత) నాటి ఏ3 ఈవెంట్ దొరుకుతుంది. అక్కడా పక్క సెల్ బలపడాలి, ఆఫ్‌సెట్ ఉంది, షరతును పంపేదీ బేస్ స్టేషనే. మాటలన్నీ కలిశాయి కదా అని నావెల్టీ, అంటే కొత్తదనం, లేదని రాసేయాలనిపిస్తుంది. ఆగు. ఏ3లో షరతు నెరవేరితే ఫోను చేసేదల్లా మెజర్‌మెంట్ రిపోర్ట్ పంపడమే. నిర్ణయం సోర్స్‌ది. సోర్స్ హ్యాండోవర్ రిక్వెస్ట్ పంపాలి, టార్గెట్ ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఆదేశం రేడియో మీద ఫోనుకి చేరాలి. క్లెయిమ్‌లో ఆ మూడూ షరతుకు ముందే అయిపోయాయి. షరతు ఒకటే, దాని నుంచి బయల్దేరే బాణం వేరు. ఈ రెండోదే 5జీ రిలీజ్ 16లో కండిషనల్ హ్యాండోవర్ అయింది. సెల్ అంచు దగ్గర సోర్స్ సిగ్నల్ పడిపోయి ఆదేశమే ఫోనుకి అందకపోవడం పాత పద్ధతిలో ఉన్న జబ్బు. ఆదేశాన్ని సిగ్నల్ బాగున్నప్పుడే ముందుగా ఇచ్చి ఉంచడం దానికి మందు. ఆ తేడాను చూడకుండా కొట్టేస్తే అన్యాయం చేసినట్టే.

ఉల్టా తప్పూ ఉంది. పేరు కొత్తగా ఉంటే విషయమూ కొత్తదే అనుకోవడం. ఫోను వేగాన్ని బట్టి టైమ్-టు-ట్రిగ్గర్‌ను, అంటే షరతు ఎంతసేపు నిలిస్తే లెక్కలోకి వస్తుందో ఆ వ్యవధిని, మారుస్తామని ఏటా ఎవరో ఒకరు వస్తారు, ఇప్పుడు దానికి మెషీన్ లెర్నింగ్ చొక్కా తొడిగి మరీ. ఎల్‌టీఈ రిలీజ్ 8లోనే ఆ ఏర్పాటుంది. కొంత సమయంలో ఫోను ఎన్ని సెల్‌లు మారిందో లెక్కపెట్టి, మీడియం, హై అని తేల్చి, టైమ్-టు-ట్రిగ్గర్‌ను 0.25, 0.5, 0.75, 1 అనే గుణకాల్లో ఒకదానితో హెచ్చిస్తారు. కాబట్టి వేగాన్ని బట్టి మార్చడం అనే ఆలోచన పాతదే. కానీ క్లెయిమ్‌లో వేగాన్ని జీపీఎస్‌తో కొలిచి ఉంటే, లెక్కపెట్టడం, కొలవడం ఒకటి కావు. నావెల్టీ మిగిలింది. ఇక ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర, అంటే ఆ మార్పు నిపుణుడికి సహజంగా తట్టేదేనా అన్న దగ్గర, మాట్లాడాలి. ఈ రెండు మెట్లనూ ఒకే వాక్యంలో కలిపేయకు.

సెర్చ్ గురించి క్లుప్తంగా. పేటెంట్ల వర్గీకరణలో హెచ్04డబ్ల్యూ 36 కింద మొదలుపెట్టు. సిగ్నల్ నాణ్యత వల్ల జరిగేవి 36/30లో, స్థానం, కదలిక వల్ల జరిగేవి 36/32లో, ఫోను నియంత్రించేవి 36/36లో, నెట్‌వర్క్ నియంత్రించేవి 36/38లో చూడు. 2009కి ముందు ఇవి హెచ్04క్యూ 7లో ఉండేవి, పాత పత్రాల మొదటి పేజీ మీద ఆ నంబరే కనిపిస్తుంది. మాటలు మార్చి మార్చి వెతుకు. అమెరికా పాత పత్రాల్లో హ్యాండాఫ్ అంటారు, వైఫై వాళ్లు రోమింగ్ అనీ ఫాస్ట్ బీఎస్ఎస్ ట్రాన్సిషన్ అనీ అంటారు, 5జీ స్పెసిఫికేషన్‌లో అదే పని రీకాన్ఫిగరేషన్ విత్ సింక్ పేరుతో ఉంటుంది. ముందే సిద్ధం చేసుకోవడం అనే ఆలోచన ఫోన్ల ప్రపంచంలో దొరక్కపోతే ఇంటర్నెట్ వైపు చూడు. మొబైల్ ఐపీవీ6 ఫాస్ట్ హ్యాండోవర్ మీద ఆర్ఎఫ్‌సీ 4068 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వచ్చింది 2005లో. వైఫైలో 802.11ఆర్ వచ్చింది 2008లో.

ఇక అసలు విషయం. తేదీలు.

ఈ ఒక్క తప్పు నా చేతుల మీదుగా జరిగింది. నీ చేతుల మీదుగా జరగకూడదు. మన రంగంలో బలమైన ప్రయర్ ఆర్ట్ పేటెంట్లలో కంటే మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ మీటింగ్ పత్రాల్లోనే ఎక్కువ దొరుకుతుంది. టీ-డాక్ అంటారు. ఆర్2తో మొదలయ్యేవి రేడియో ప్రోటోకాల్ గ్రూపువి, ఆర్3తో మొదలయ్యేవి బేస్ స్టేషన్ల మధ్య ఇంటర్‌ఫేస్‌ల గ్రూపువి. పత్రం తలకట్టులో మీటింగ్ నంబరు, ఊరు, తేదీలు ఉంటాయి. నా ముందున్న పత్రం మీద మే 18 నుంచి 22 అని ఉంది. అప్లికేషన్ ప్రయారిటీ తేదీ, అంటే దానికి ముందు బయటపడినదే ప్రయర్ ఆర్ట్ అని లెక్కించే తేదీ, మే 15. మీటింగ్ మూడు రోజులు తర్వాత కదా, పనికిరాదు అనుకుని పెన్నుతో కొట్టేశాను. క్లెయిమ్‌లో ఉన్న ప్రతి స్టెప్పూ ఆ పత్రంలో ఉంది. కానీ మీటింగ్ పత్రాలు మీటింగ్ రోజున పుట్టవు తల్లీ. సాధారణంగా వారం పది రోజుల ముందే గడువు ఉంటుంది, ఆలోపు కంపెనీలు వాటిని అందరికీ తెరిచి ఉన్న సర్వర్‌లో పెడతాయి. ఆ పత్రం మే 8నే సర్వర్‌లో ఉంది. పేటెంట్ మంజూరైంది. తర్వాత వేరేవాళ్లు సర్వర్ ఫోల్డర్‌లోని తేదీతో సహా అదే పత్రం తెచ్చి అభ్యంతరం వేశారు. అప్పటిదాకా ఆ కాగితం నా ఫైల్లోనే, నేను గీసిన గీతతో పడి ఉంది.

మనం చూసే క్లెయిమ్ ప్రమాణంలో తప్పనిసరి భాగమైతే, ఆ ప్రమాణం పాటించే ప్రతి ఫోనూ దాన్ని వాడక తప్పదు. ఇవ్వకూడని పేటెంట్ ఇస్తే ఆ భారం ఎంతమంది మోయాలో ఆలోచించు. నా భయమంతా అదే.

అందుకని ఇలా చెయ్యి. తలకట్టు తేదీని తేదీగా లెక్కపెట్టకు. సర్వర్ ఫోల్డర్‌లో జిప్ ఫైల్ పక్కన ఉన్న తేదీ చూడు. జిప్ విప్పితే లోపలి వర్డ్ ఫైల్‌కీ ఒక తేదీ కనిపిస్తుంది. అది రాసినవాళ్ల కంప్యూటర్‌లో చివరిసారి సేవ్ చేసిన తేదీ మాత్రమే, ప్రచురణ తేదీ కాదు. కొత్త మీటింగ్‌లకి టీ-డాక్‌ల జాబితా ఎక్సెల్‌గా ఉంటుంది. అందులో నంబరు రిజర్వ్ చేసిన తేదీ ఒక కాలమ్, అప్‌లోడ్ అయిన తేదీ ఇంకో కాలమ్. కళ్లు అలసిపోయినప్పుడు పక్క కాలమ్ చదివేస్తాం. రిజర్వ్ చేసిన రోజున నంబరు తప్ప పత్రం ఉండదు. ఫోల్డర్ తేదీకీ జాబితా తేదీకీ పొంతన లేకపోతే ఆ గ్రూపు ఈమెయిల్ ఆర్కైవ్ చూడు, అక్కడ పత్రం ప్రస్తావన ఏ రోజు వచ్చిందో తెలుస్తుంది. సవరించిన పత్రానికి కొత్త నంబరూ కొత్త తేదీ ఉంటాయి. నీకు కావలసిన వాక్యం మొదటిదాంట్లో ఉందా, మీటింగ్ మధ్యలో సవరించినదాంట్లోనే వచ్చిందా అని రెండూ తెరిచి పోల్చు. అప్‌లోడ్, ప్రయారిటీ ఒకే రోజో పక్కపక్క రోజులో అయితే సర్వర్ ఏ టైమ్ జోన్‌దో కూడా లెక్కలోకి తీసుకో. చూసిన ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టు.

ఇంకోటి. పత్రం మీద గ్రూపు "నోటెడ్" అని వదిలేసినా, ప్రతిపాదన ఓడిపోయినా, అది ప్రయర్ ఆర్టే. ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి లెక్కలోకి రాదని వాదించే జవాబులు వస్తాయి. జనానికి అందుబాటులో ఉందా లేదా అన్నదే ప్రశ్న.

తేదీకి రెండో వైపు ప్రయారిటీ. కంపెనీలు మీటింగ్ గడువుకు ఒకటి రెండు రోజుల ముందు హడావిడిగా మొదటి అప్లికేషన్ వేస్తాయి. చాలాసార్లు అది టీ-డాక్ పాఠమే, పైన ఒక కవర్ పేజీ. పన్నెండు నెలల్లోపు పూర్తి అప్లికేషన్ వస్తుంది, అందులో క్లెయిమ్‌లు లావెక్కి ఉంటాయి. మొదటిదాంట్లో లేని స్టెప్‌కి మొదటి తేదీ రాదు. అలాంటి స్టెప్ ఉన్న క్లెయిమ్‌కి పూర్తి అప్లికేషన్ తేదీయే వర్తిస్తుంది. అప్పుడు మధ్యలో వచ్చిన పత్రాలన్నీ, ఆ కంపెనీ సొంత టీ-డాక్‌తో సహా, దాని మీదికి రావచ్చు. సొంత వెల్లడింపుకు మీ చట్టంలో గ్రేస్ పీరియడ్ ఉందో లేదో, ఉంటే ఏ షరతుల మీదో చూసుకో, దేశానికో తీరుగా ఉంటుంది. కాబట్టి ప్రయారిటీని అప్లికేషన్ మొత్తానికి ఒకేసారి ఒప్పుకోకు. క్లెయిమ్ క్లెయిమ్‌కీ విడిగా చూడు.

స్పెసిఫికేషన్‌ని ఉదాహరిస్తే వెర్షన్ రాయి. ఉత్త టీఎస్ 38.331 (5జీ రేడియో కంట్రోల్ స్పెసిఫికేషన్) అంటే చాలదు. రిలీజ్ 15 వెర్షన్‌లో కండిషనల్ హ్యాండోవర్ లేదు, రిలీజ్ 16లో ఉంది. అట్ట మీద నెల మాత్రమే ఉంటుంది, రోజు కోసం మళ్లీ సర్వర్‌కే వెళ్లాలి. 38.300, 38.331 రెండు వేర్వేరు పత్రాలు. నావెల్టీ లేదనడానికి ఒక ముక్క ఇక్కడి నుంచి, ఒక ముక్క అక్కడి నుంచి తెచ్చి అతికించకు.

ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర అప్లికెంట్ చెప్పే లాభాన్ని ఆ స్టెప్ నిజంగా ఇస్తుందో లేదో చూడు. హ్యాండోవర్ బాధలు కొన్నే: అంతరాయం, వైఫల్యం, పింగ్-పాంగ్ (రెండు సెల్‌ల మధ్య అటూ ఇటూ మారడం), సిగ్నలింగ్ భారం. ఒకదానికి మందు ఇంకోదానికి పనిచేయదు. కండిషనల్ హ్యాండోవర్ వైఫల్యాన్ని తగ్గిస్తుంది. సాధారణంగా టార్గెట్‌లో రాండమ్ యాక్సెస్ (కొత్త సెల్‌తో మొదటి పలకరింపు) చేయాల్సి ఉంటుంది కాబట్టి అంతరాయాన్ని అదొక్కటే పోగొట్టదు. అంతరాయం కోసం సోర్స్‌తో సంబంధం తెంచకుండా టార్గెట్‌కి వెళ్లే డాప్స్ లాంటివి వచ్చాయి. అంతకుముందే ఎల్‌టీఈ రిలీజ్ 14లో మేక్-బిఫోర్-బ్రేక్, రాండమ్ యాక్సెస్ లేని రాక్-లెస్ ఉన్నాయి. ఒక స్టెప్ తెచ్చి ఇంకో స్టెప్ లాభం చెప్తే ఆ మాటే రిపోర్ట్‌లో మర్యాదగా రాయి.

ఫోను క్లెయిమ్‌లో "టార్గెట్ తన లోడ్ చూసుకుని ఎంపిక చేసిన" లాంటి మాటలు దూరుస్తారు. ఫోనుకి అందేది సందేశం మాత్రమే. దాని వెనక ఎవరు ఏం లెక్క వేసుకున్నారో దానికి తెలియదు. ఆ లెక్క వల్ల సందేశంలో ఏమైనా మారుతుందా అని అడుగు. మారకపోతే చాలాసార్లు ఆ మాట ఫోనుకి కొత్తదనం తేదు.

కోప్పడుతున్నాననుకోకు. నీ తెలివి మీద నాకు సందేహం లేదు, నీ తొందర మీదే. ఆఫీసులో పని టార్గెట్లు ఉంటాయి, ఫైళ్లు పేరుకుంటాయి, సాయంత్రానికి అక్షరాలు అల్లుకుపోతాయి. తేదీల పని మాత్రం ఉదయం పెట్టుకో, కళ్లు తేటగా ఉన్నప్పుడు. అన్నం మానేసి కూర్చోవద్దు.

చివరగా, ఏ ఫైలు గురించీ ఫోన్లో నాతో చెప్పకు. సాధారణంగా ప్రయారిటీ తేదీ నుంచి 18 నెలలకు గానీ అప్లికేషన్ ప్రచురణ కాదు. అప్పటిదాకా అది నీకూ ఆఫీసుకూ మధ్య రహస్యం, పెద్దనాన్న అయినా పరాయివాడే. ప్రచురితమైన పాత పేటెంట్ ఒకటి నువ్వే ఎంచుకుని, ఆ రెండు బొమ్మలూ పెన్సిల్‌తో గీసి పంపు. బాణాలు ఎక్కడ తేడాపడ్డాయో ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టి తిరుగు టపాలో పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న