ద్వీపంలో ఏం చూడాలో అడిగేముందు ఆ వారం తిథులు చూడండి

ఐదు రోజులకు ఏదో ఒక ఉష్ణమండల ద్వీపానికి వెళ్తున్నాం, తప్పక చూడాల్సిన స్పాట్ల లిస్టు ఇమ్మని అడిగారు. లిస్టుకేం, ఏ ట్రావెల్ ఏజెంటైనా ఇస్తాడు. అండమాన్, బాలి, మారిషస్, సీషెల్స్, ఎక్కడికెళ్లినా ఆ లిస్టులో ఉండేవి కాస్త అటూ ఇటూగా ఇవే: సముద్రంలో ఓ రాతి తోరణమో గుడో, పగడపు దిబ్బ, జలపాతం, కొండ మీద వ్యూపాయింటు, సూర్యాస్తమయం బీచ్, రాత్రి సూక్ష్మజీవుల వెలుగుతో మెరిసే నీళ్లు. వీటిలో ప్రతిదానికీ ఓ వేళ ఉంది. అది తప్పితే అంత దూరం వెళ్లి బురదో, మబ్బో, జనాల వీపులో చూసి రావాలి. అందుకే టికెట్లు బుక్ చేసేముందు పంచాంగం తీయమంటాను. జోక్ కాదు.

పౌర్ణమికీ అమావాస్యకీ, ఆ తర్వాత ఒకట్రెండు రోజులూ సముద్రం బాగా పొంగుతుంది, అంతే బాగా తగ్గుతుంది. అష్టమి దరిదాపుల్లో రెండూ తక్కువే. చాలా ద్వీపాల్లో రోజుకు రెండు పోట్లు (నీళ్లు పొంగడం), రెండు ఆట్లు (నీళ్లు తగ్గడం). పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది, మర్నాడు ఆ పోటూ ఆటూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి సోమవారం ఉదయం 8కి నీళ్లు పూర్తిగా తగ్గితే గురువారం పదిన్నర దాటుతుంది. ప్యాకేజీ టూర్ల షీట్లలో మాత్రం ఏడాది పొడవునా "ఉదయం 10 గంటలకు నేచురల్ బ్రిడ్జి" అనే ఉంటుంది. సముద్రం ఆ షీటు చదవదు.

అన్నిచోట్లా తేడా ఒకేలా ఉండదు. కరీబియన్‌లో చాలాచోట్ల అర మీటరు కూడా మారదు, అక్కడ ఈ లెక్కలు పెద్దగా అక్కర్లేదు. జాంజిబార్‌లో పౌర్ణమికి 4 మీటర్ల దాకా మారుతుంది. తూర్పు తీరంలోని పాజే, జంబియానీ లాంటి చోట్ల ఆటు వేళకు నీళ్లు ఎక్కడో దూరంగా గీతలా కనిపిస్తాయి, మధ్యలో అంతా తడి ఇసుక, నాచు. హోటల్ వాళ్ల ఫొటోలు పోటు వేళ తీసినవే అయ్యుంటాయి. ఎప్పుడంటే అప్పుడు ఈత కొట్టాలంటే ఉత్తరాన నుంగ్వి, కెండ్వా వైపు దిగాలి.

ఆటు ఎంత ముఖ్యమో చెప్పడానికి అండమాన్‌లోని నీల్ ద్వీపం చాలు (2018లో దానికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు). అక్కడి నేచురల్ బ్రిడ్జి అనే రాతి తోరణం లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ పక్కన ఉంటుంది. దాని దాకా దారి అంటూ ఉండదు, చచ్చిన పగడపు రాళ్ల మీద నడవాలి. పోటు వేళ ఆ రాళ్ల మీదంతా నీళ్లే. నీళ్లు ఆరు గంటల్లో సమానంగా తగ్గవు. మొత్తం తగ్గుదలను 12 వంతులనుకుంటే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. ఎక్కేటప్పుడూ ఇదే వరస. అంటే పూర్తి ఆటుకు ముందో గంట, తర్వాతో గంట నీళ్లు దాదాపు కదలనట్టే ఉంటాయి. నడవాల్సింది ఆ రెండు గంటల్లోనే. ముందు గంటలో బయల్దేరండి, నీళ్లు తిరిగిన గంటలోపు వెనక్కి వచ్చేయండి. ఆ తర్వాత చకచకా పెరుగుతాయి, నడిచొచ్చిన గుంతలన్నీ ముందు నిండుతాయి.

అసలు చూడాల్సింది కూడా ఆ గుంతల్లోనే ఉంది. అందరూ తోరణం కింద నిలబడి ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు ఓ గుంత పక్కన కూర్చుని ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి. రాయనుకున్నది పీత అవుతుంది, నల్ల తాడు ముక్క అనుకున్నది సీ కుకుంబర్ అనే మెత్తటి సముద్ర జీవి. పెద్ద ఆల్చిప్ప ఒకటి రాళ్ల మధ్య ఇరుక్కుని నీలం, ఊదా రంగుల అంచులు విప్పుకుని కనిపిస్తుంది. దాని మీద మీ చెయ్యి నీడ పడితే చాలు, లోపలికి ముడుచుకుంటుంది. ముట్టుకోనక్కర్లేదు, ముట్టుకోకూడదు. కాళ్లకు వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులో పాత బూట్లో వేసుకోండి. హవాయి చెప్పులు రాళ్ల సందున ఇరుక్కుని కాలు బయటికొస్తుంది, మడమ కోసుకుంటుంది. పచ్చగా నిగనిగలాడే రాయి మీద అడుగు వేయొద్దు, నాచు జారుతుంది. చచ్చిన పగడం ముక్క కూడా బ్యాగులో వేసుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో దొరికిపోతే ఇబ్బంది.

బాలిలో తనహ్ లోట్ గుడిదీ ఇదే కథ. ఆటు వేళ ఆ రాతి గుట్ట అడుగు దాకా నడిచి వెళ్లొచ్చు, పోటు వేళ ఒడ్డు నుంచి చూడటమే.

పగడాలు చూడటానికి మాత్రం లెక్క తిరగబడుతుంది, దానికి నీళ్లు కావాలి. సీషెల్స్‌లోని లా దీగ్ ద్వీపంలో ఆన్స్ సూర్స్ దార్జాన్ అనే బీచ్ ఉంది, గ్రానైటు బండలతో క్యాలెండర్లలో కనిపించేది. అక్కడ రీఫ్ (పగడపు దిబ్బ) లోపల నీళ్ల లోతు బాగా తక్కువ, ఆటు వేళ మోకాలి లోతు కూడా చాలాచోట్ల ఉండదు. స్నార్కెలింగ్‌కు (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలి కిందికి చూడటానికి) దిగితే పొట్ట రాళ్లకు రాసుకుంటుంది. ఎక్కడైనా సరే పోటు నిండటానికి ఓ గంట ముందు దిగితే బయటి సముద్రం నుంచి వచ్చే తేట నీళ్లుంటాయి. దానికి తోడు పొద్దున్నే అయితే గాలి తక్కువ. మధ్యాహ్నానికి గాలి లేచి అలలొచ్చాయంటే ఇసుక కలిసిపోయి ఏమీ కనపడదు. గ్లాస్ బాటమ్ బోటుకు మాత్రం ఎండ నడినెత్తికి వచ్చాకే వెళ్లండి. ఏటవాలు ఎండ నీటి మీద తళతళలాడుతుందే కానీ అడుగు దాకా దిగదు. సన్‌స్క్రీన్ కన్నా పొడుగు చేతుల ఈత చొక్కా నయం. పగడాలకు హాని అని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది కూడా.

జలపాతాల దగ్గర అందరూ బోల్తా పడతారు. వానలుంటేనే జలపాతం, వానలు లేకపోతేనే బీచ్. ఎండాకాలపు సెలవుల్లో వెళ్లి "ఇంతేనా ఈ ధార" అంటే ఎలా? రెండూ కావాలంటే కొండలున్న ద్వీపం ఎంచుకోండి. ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఒకే దిక్కు నుంచి వీచే చోట, గాలి కొట్టే వైపు వాన, అడవి, జలపాతాలు ఉంటాయి. గాలి చాటున ఎండ, ఇసుక. హవాయిలో బిగ్ ఐలాండ్ తూర్పున హిలో తడిసి ముద్దవుతుంటే పడమర కోనా వైపు పొడిగా ఉంటుంది. గది చాటు వైపు తీసుకుని, ఒక రోజు గాలి కొట్టే వైపు వెళ్లి రండి. జలపాతం కింద గుండంలో ఉన్నప్పుడు మీ నెత్తిన వాన లేకపోయినా నీళ్లు ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం గమనిస్తే బట్టలు వెతుక్కోకుండా గట్టెక్కండి. పైన ఎక్కడో కురిసిన వాన అది.

వ్యూపాయింట్లు పొద్దున్నే. తీరం మీద ఎండ కాస్తున్నా పది పదకొండుకల్లా కొండ కొమ్ముకు మబ్బు పట్టేస్తుంది. హవాయిలోని మావీ ద్వీపంలో హలేయకలా శిఖరం ఎత్తు 3,055 మీటర్లు, తెల్లవారుజామున గడ్డకట్టించే చలి. సూర్యోదయానికి కారులో వెళ్లాలంటే 2017 నుంచి ముందే రిజర్వేషన్ ఉండాలి. ద్వీపమే కదా అని నిక్కర్లతో వెళ్లిన వాళ్లు టవళ్లు కప్పుకుని వణుకుతుంటారు.

ఇక్కడే ఓ గొణుగుడు. మారిషస్‌లో "సముద్రం లోపలి జలపాతం" చూడాలని లె మోర్న్ బీచ్‌కు వెళ్లి నిలబడే వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి: ఒడ్డు నుంచి అది కనపడదు. లోతుకు జారే ఇసుక, ఒండ్రు కలిసి పైనుంచి చూస్తే అలా భ్రమ కలిగిస్తాయి, ఫొటోలన్నీ హెలికాప్టర్ నుంచో సీప్లేన్ నుంచో తీసినవి. అంత ఖర్చు వద్దంటే 556 మీటర్ల లె మోర్న్ కొండ ఎక్కండి. జలపాతం భ్రమ ఉండదు కానీ లగూన్ (పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు) రంగులు బాగా కనిపిస్తాయి.

సూర్యాస్తమయం బీచ్ పడమటి వైపే ఉండాలి, చెప్పనక్కర్లేదు. కానీ టైము చూసుకోరు. అండమాన్ భారత కాలమానంలోనే నడుస్తుంది, ఉన్నదేమో బాగా తూర్పున. డిసెంబరులో ఐదింటికే పొద్దు గూకుతుంది. "సాయంత్రం ఆరుకి రాధానగర్ బీచ్" అనుకుంటే చీకట్లో ఇసుక తొక్కి రావాలి. ఉష్ణమండలంలో సంధ్య వెలుగు కూడా ఎక్కువసేపు నిలవదు.

రాత్రి మెరిసే నీళ్లకు అమావాస్య ముందూ వెనకా నాలుగైదు రోజులు మంచివి. వెన్నెలుంటే ఆ వెలుగు తేలిపోతుంది. ప్యూర్టోరికోలోని వియెకెస్ ద్వీపంలో మస్కిటో బే దీనికి పేరుమోసింది, అక్కడ ఈతకు అనుమతి లేదు, కయాక్‌లో వెళ్లాలి. మరో తిథి సంగతి: హవాయిలోని వైకీకీ వైపు పౌర్ణమి దాటిన 8 నుంచి 12 రోజుల మధ్య బాక్స్ జెల్లీఫిష్‌లు ఒడ్డుకొస్తాయి, ఆ రోజుల్లో నీళ్లలోకి దిగేముందు లైఫ్‌గార్డును అడగండి.

ఇక మీ ఐదు రోజులు. దేనికి ఆటు కావాలో, దేనికి పోటు కావాలో రెండు వరసల్లో రాసుకుని టైడ్ చార్టు (ఆటుపోట్ల వేళల పట్టిక) పక్కన పెట్టుకోండి. మూసేసే నెలలు కూడా చూడండి. థాయ్‌లాండ్‌లోని మాయా బే 2018లో మూతపడి 2022లో తెరుచుకుంది, ఇప్పుడూ ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మూస్తున్నారు. స్కూబా డైవింగ్ ఉంటే మొదటి రెండు రోజుల్లోనే కానిచ్చేయండి. ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కేలోపు కనీసం 12 గంటలు, వరసగా కొన్ని చేస్తే 18 గంటల విరామం ఉండాలి. రక్తంలో మిగిలిన నైట్రోజన్ పైకి వెళ్లేకొద్దీ బుడగలు కడుతుంది. హెలికాప్టర్ టూరుకూ, హలేయకలా లాంటి ఎత్తయిన శిఖరాలకు కారులో వెళ్లడానికీ ఇదే లెక్క. చాలామంది ఆ చివరి సంగతి మర్చిపోయి, పొద్దున డైవ్ చేసి సాయంత్రం సూర్యాస్తమయానికి కొండెక్కుతారు.