స్కానర్ బీప్ అంటోంది కానీ సాఫ్ట్‌వేర్‌లో నంబర్ పడటం లేదా? ముందు నోట్‌ప్యాడ్ తెరవండి

మీ ప్రశ్న చదవగానే మా లైబ్రరీలో మొదటిసారి వైర్‌లెస్ స్కానర్ పెట్టినప్పుడు పడ్డ తిప్పలన్నీ గుర్తొచ్చాయి. మీరు చెప్పింది ఇదీ: బ్లూటూత్‌లో కనెక్టెడ్ అని చూపిస్తోంది, బార్‌కోడ్ మీద పెడితే బీప్ వస్తోంది, కానీ స్టాక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోసారి నంబర్ పడదు, ఒక్కోసారి సగమే పడుతుంది. స్కానర్ వాపసు ఇవ్వాలా, సాఫ్ట్‌వేర్ వాళ్లను పిలవాలా అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దు. నోట్‌ప్యాడ్ తెరిచి, కర్సర్ అందులో పెట్టి, ఒకే బార్‌కోడ్‌ను పదిసార్లు స్కాన్ చేయండి. పది లైన్లూ పూర్తిగా, ఒకేలా పడితే స్కానర్ బాగుంది, కనెక్షన్ బాగుంది, చూసుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ వైపు. అక్కడే అంకెలు ఎగిరిపోతుంటే సాఫ్ట్‌వేర్‌ను అనుకుని లాభం లేదు. ఈ చిన్న పరీక్ష తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. బీప్‌ను మాత్రం నమ్మకండి. స్కానర్ బార్‌కోడ్‌ను చదివిందనడానికే అది గుర్తు, కంప్యూటర్‌కు చేరిందనడానికి కాదు.

ఈ స్కానర్లు చాలావరకు కీబోర్డ్ మోడ్‌లోనే వస్తాయి. దాన్నే హెచ్‌ఐడీ అంటారు. కంప్యూటర్‌కు తెలిసినంతలో అది బార్‌కోడ్ మెషీన్ కాదు, ఎవరో మహా వేగంగా కొడుతున్న ఇంకో కీబోర్డ్. అందుకే డ్రైవర్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేకంగా కలపాల్సిందీ ఏమీ ఉండదు. కర్సర్ ఎక్కడుంటే నంబర్ అక్కడ పడుతుంది. కర్సర్ వేరే గడిలో ఉంటే ఆ గడిలో పడుతుంది, ఎక్కడా లేకపోతే గాల్లో కలిసిపోతుంది. సగం సమస్యలు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటేనే తేలిపోతాయి.

మాకు జరిగింది చెబుతాను. మా పుస్తకాల నంబర్లు ఎల్ అక్షరంతో మొదలై ఆరు అంకెలు ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో చక్కగా పడేవి, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ప్రతిసారీ 'రికార్డు లేదు' అనే మెసేజ్. చివరికి ఆ గడిని దగ్గరగా చూస్తే ముందు 'థ' అని ఉంది, ఆ తర్వాత 004512. మధ్యాహ్నం తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కించి, కీబోర్డ్ భాషను ఇంగ్లిష్‌కు మార్చడం మర్చిపోయాం. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అమరికలో షిఫ్ట్‌తో ఎల్ కొడితే వచ్చేది థ. స్కానర్ కొట్టిందీ అదే. తెలుగులో టైప్ చేసే ప్రతి చోటా ఇది రావచ్చు కాబట్టి స్కాన్ మొదలుపెట్టే ముందు టాస్క్‌బార్‌లో భాష చూసుకోండి. క్యాప్స్ లాక్ కూడా.

ఇక మీ సగం నంబర్ల సంగతి. దీనికి ఎక్కువగా కారణం వేగం. స్కానర్ ఒక్క క్షణంలో పదమూడు అంకెలు గుమ్మరిస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి అక్షరానికీ ఏదో వెతుకుతుంటే లేదా మీరు రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తుంటే మధ్యలో కొన్ని జారిపోతాయి. స్కానర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో అక్షరాల మధ్య విరామం పెంచే సెట్టింగ్ బార్‌కోడ్‌లు ఉంటాయి, వాటిలో ఒక మెట్టు పెంచేదాన్ని స్కాన్ చేసి చూడండి. నాకు దాంతోనే తీరింది. ఆ పుస్తకం పారేయకండి, స్కానర్ సెట్టింగులు చాలావరకు దాని పేజీలు స్కాన్ చేసే మారతాయి.

అసలు స్కానే రాకుండా పోతుంటే రేడియో వైపు చూడాలి. బ్లూటూత్ అయినా, డాంగిల్‌తో (యూఎస్‌బీ పోర్టుకు గుచ్చే చిన్న రిసీవర్‌తో) పనిచేసేదైనా చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తాయి. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు అదే బ్యాండ్‌లో రొద పెడతాయి, ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది. సీపీయూ వెనకాల డాంగిల్ పెట్టి బల్ల కింద దాచేస్తే ఇక చెప్పక్కర్లేదు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను బల్ల మీదకు తెచ్చుకోండి. కాసేపు వాడకపోతే మొదటి స్కాన్ మాత్రమే పోతుందంటే అది స్కానర్ నిద్రలోకి వెళ్లి మళ్లీ కలుసుకోవడం, నిద్ర సమయం పెంచితే చాలు.

నంబర్ తర్వాత ఎంటర్ రావాలా, ట్యాబ్ రావాలా అన్నది కూడా స్కానర్‌లోనే పెట్టుకోవాలి. చాలా వాటిలో ఎంటర్ ముందే ఉంటుంది. సంఖ్య ఎంతో వేయకముందే ఫారం సేవ్ అయిపోతోందంటే దాన్ని ట్యాబ్‌కు మార్చండి.

మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కామ్ పోర్ట్ (సీరియల్ పోర్ట్) నంబర్ అడుగుతుంటే మాత్రం దారి వేరు. అప్పుడు స్కానర్‌ను కీబోర్డ్ మోడ్ నుంచి ఎస్‌పీపీ మోడ్‌కు, అంటే బ్లూటూత్‌లోనే సీరియల్ పోర్ట్‌లా నంబర్ పంపే పద్ధతికి మార్చి, పాత పెయిరింగ్ తీసేసి మళ్లీ పెయిర్ చేయాలి. విండోస్ బ్లూటూత్ సెట్టింగుల్లో కామ్ పోర్ట్స్ ట్యాబ్‌లో కనిపించే నంబర్‌నే సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలి. ఈ పద్ధతిలో కర్సర్ గొడవ, భాష గొడవ రెండూ ఉండవు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే నేను దీన్నే ఎంచుకుంటాను. కాకపోతే నోట్‌ప్యాడ్ పరీక్ష ఈ మోడ్‌లో పనిచేయదు, కాబట్టి అది ముందే చేసేయండి.

ఇంకొక్కటి, దీనికి నిజంగా బాధపడ్డాను. సిగ్నల్ అందని అరల దగ్గర స్టోరేజ్ మోడ్ వాడుకోవచ్చు, అంటే స్కానర్ నంబర్లన్నీ తనలో దాచుకుని తర్వాత ఒకేసారి పంపుతుంది. రెండు వరుసల పుస్తకాలు అలా స్కాన్ చేసి, నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకే అప్‌లోడ్ కొట్టాను. లిస్టులో లేని పుస్తకం తగలగానే మెసేజ్ బాక్స్ వచ్చింది, వెనకే వచ్చిన నంబర్ ఆ బాక్స్‌కు పోయింది, దాని ఎంటర్‌తో బాక్స్ మూసుకుంది. అలా లేని ప్రతి పుస్తకం వెనకా ఉన్న పుస్తకం ఒకటి గల్లంతయింది. నేను అది చూడకుండా మెమరీ క్లియర్ చేసేశాను. రెండు వరుసలూ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. అందుకే అప్‌లోడ్ ఎప్పుడూ నోట్‌ప్యాడ్‌లోకే చేయండి, లైన్లు లెక్కపెట్టి ఫైల్ సేవ్ చేశాకే క్లియర్ చేయండి. ఎక్సెల్‌లోకైతే కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి.

నోట్‌ప్యాడ్‌లో ఆ పది లైన్లు ఎలా పడ్డాయో, మీ సాఫ్ట్‌వేర్ పోర్ట్ నంబర్ అడుగుతోందో లేదో ఇక్కడే రాయండి. అది చూశాక ఏ సెట్టింగ్ మార్చాలో చెప్పగలను.