నడుముకు దెబ్బ తగిలాక ఇంట్లో ఎలా చూసుకోవాలి? నాకు పనికొచ్చినవి

తమ్ముడూ, ‘అన్నా’ అని పిలిచి అడిగావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ఆదోని యార్డులో పత్తి మూట ఎత్తబోతే నడుము పట్టేసిందని, ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము కింది భాగంలోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య, డిస్క్ (పూసల మధ్య మెత్తలా ఉండేది) ఉబ్బినట్టు వచ్చిందని చెప్పావు. ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలు వాడి ఫిజియో చేయించుకోమన్నారట. ఎన్నాళ్లు పడుకోవాలి, బెల్టు పెట్టుకోవాలా, బండి ఎప్పుడు నడపొచ్చు అని నీ ప్రశ్నలు. నేను తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లో పని చేస్తా. నాపరాయి పలక లారీకెక్కిస్తుంటే నాకూ ఇదే అయింది, ఎడమ పిక్క దాకా లాగేసేది. నేను డాక్టర్ను కాదు, ఆ నొప్పి పడ్డవాడిగా చెప్తున్నా.

మంచం మీద ఒకట్రెండు రోజులు చాలు. అంతకు మించి పడుకుంటే నడుమును పట్టి ఉంచే కండరాలే నీరసించిపోతాయి, లేచినప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది. నేనైతే ముందు ఇంట్లోనే అటూ ఇటూ నడిచా, తర్వాత వీధి చివరిదాకా. ఒకేసారి గంట నడవాలని పంతం పట్టకు. ఐదు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు నడిస్తే చాలు, అదీ మన ఎండలు తెలుసు కదా, పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు దాటాక. నడుస్తున్నప్పుడు కాస్త నొప్పి ఉంటుంది. అంతమాత్రాన లోపల ఏదో తెగిపోతోందని టెన్షన్ పడకు.

ఎమ్మారై కాగితం చూసి కూడా బెంగపెట్టుకోకు. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, నడుము నొప్పే లేని ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. మా ఫిజియో ఈ మాట చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టింది.

అసలు కష్టం బాత్రూమ్‌లో, తమ్ముడూ. దీని గురించి ఎవరూ చెప్పరు. రాత్రంతా పడుకుని ఉంటే డిస్కులు నీరు పీల్చుకుని కొంచెం ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో వంగడం మంచిది కాదు. మనం చేసేవేమో అన్నీ ఆ గంటలోనే: ముఖం కడగడం, మగ్గుతో నీళ్లు ముంచుకోవడం, ప్యాంటు తొడుక్కోవడం. నేను బకెట్‌ను ఎత్తు స్టూలు మీద పెట్టించి నిలబడే స్నానం చేశా. బకెట్ నింపి ఎత్తడం కాదు, స్టూలు మీదే ఉంచి పైపుతో నింపుకోవాలి. కింద కూర్చునే లెట్రిన్ అయితే మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ దొరుకుతుంది, కొనుక్కో. మలబద్ధకం రానివ్వకు, ముక్కితే నొప్పి కాలిదాకా కొడుతుంది. తుమ్ము వస్తే గోడకో బల్లకో చెయ్యి ఆనించి, మోకాళ్లు కాస్త వంచి తుమ్ము. మంచం మీద నుంచి నిటారుగా లేవకు. పక్కకు తిరిగి, కాళ్లు కిందికి జార్చి, మోచేత్తో నెట్టుకుంటూ లే.

పడక విషయానికొస్తే, నవారు మంచం సాగి గుంటలా ఉంటే వద్దు. గట్టి నేల మీదే పడుకోవాలంటారు కానీ, నేల మీంచి లేవడమే పెద్ద నరకం. బల్ల మంచం మీద మామూలు దూది పరుపు చాలు. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద దిండు.

బెల్టు సంగతి. మూడు నెలలు దాటిన నడుము నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులు, ట్రాక్షన్ (నడుమును సాగదీసి లాగే చికిత్స) మామూలుగా వాడొద్దనే ఉంది. నీది కొత్త నొప్పి కాబట్టి మీ డాక్టర్ పెట్టుకోమంటే ఆయన చెప్పినన్నాళ్లు పెట్టుకో. నేను అనంతపురం బస్సెక్కినప్పుడు తప్ప పెట్టలేదు. వ్యాయామాలు ఫిజియో ఎదురుగా నేర్చుకో, వీడియోలు చూసి కాదు. ఒక గుర్తు మాత్రం చెప్తా: వ్యాయామం చేస్తుంటే కాల్లో నొప్పి పైకి జరిగి నడుములోనే మిగిలితే మంచిదే, కిందికి పాకితే ఆపేసి ఫిజియోకు చెప్పు.

నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి సొంతంగా పొడిగించుకోకు. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగుతూ వాటిని మింగితే కిడ్నీలకు దెబ్బ. వేడినీళ్ల కాపడం హాయిగా ఉంటుంది, పెట్టుకో. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకో అనే సలహా నీకూ వస్తుంది, నాకు ఇద్దరు చెప్పారు! నవ్వి ఊరుకో. గుడిలో కొన్నాళ్లు సాష్టాంగం వద్దు, చేతులు జోడిస్తే చాలు.

మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి ఎత్తలేకపోయినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా ఇవేవీ ఇంట్లో చూసుకునేవి కావు. అర్ధరాత్రైనా సరే పెద్దాసుపత్రికి వెళ్లిపో.

పని దగ్గరికి వస్తే, నొప్పి తగ్గగానే మేస్త్రీ ‘ఒక్క మూటే కదా’ అంటాడు. ఫిజియో బరువులు మొదలుపెట్టించేదాకా తూకం దగ్గరో, లెక్కల దగ్గరో పని అడుగు. తర్వాత ఎత్తినా మూటను ఒంటికి ఆనించి ఎత్తు, ఎత్తాక నడుము తిప్పకు, పాదాలతోనే తిరుగు.

బండికి ఫలానా రోజని ఏమీ లేదు. కుర్చీలో ఇరవై నిమిషాలు కాలు లాగకుండా కూర్చోగలిగితే దగ్గర దూరాలు మొదలుపెట్టొచ్చు, మత్తెక్కించే మాత్రలు వాడుతుంటే మాత్రం వద్దు. కిక్ కొట్టకు, సెల్ఫ్ స్టార్ట్ లేకపోతే ఎవరినైనా కొట్టమను. సెంటర్ స్టాండ్ కూడా వేరేవాళ్లతో వేయించు.