టెక్ సందేహాలు: పక్కనే కూర్చున్నా ఫ్రెండ్ వరల్డ్ కనబడదేం?

ఎండలకి పిల్లలు ఇల్లు కదలడం లేదు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా దిమ్మలతో ఇళ్లు, కోటలు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ గేమ్ గురించే. అడిగిన తీరు వేరైనా చాలావాటికి మూలం ఒకటే: వరల్డ్ (గేమ్‌లో మనం కట్టుకునే లోకం) ఏ మెషీన్‌లో నడుస్తోందో, దాని దగ్గరికి ఏ దారిన వెళ్తున్నామో చూసుకోకుండా ‘నెట్ బాలేదు’ అనేయడం.

నాది ల్యాప్‌టాప్, మా ఫ్రెండ్‌ది ఫోన్. ఇద్దరం గేమ్ కొన్నాం. ఒకే వై-ఫైలో పక్కపక్కనే కూర్చున్నా నా వరల్డ్ తన ఫోన్లో కనబడటం లేదు.
– ఇంటర్ విద్యార్థి, పటమట, విజయవాడ

మైన్‌క్రాఫ్ట్ పేరుతో నడుస్తున్నవి నిజానికి రెండు గేములు. జావా ఎడిషన్ కంప్యూటర్లకు మాత్రమే. ఫోన్లలో, ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్‌లలో ఆడేది బెడ్‌రాక్. విండోస్‌లో రెండూ ఉంటాయి. ఒకదాని వరల్డ్‌లోకి ఇంకొకదాని నుంచి నేరుగా వెళ్లలేం. మీరు ల్యాప్‌టాప్‌లో జావా తెరుస్తున్నట్టున్నారు.

ఇంకోసారి కొనక్కర్లేదు. 2022 జూన్ నుంచి విండోస్‌కి రెండూ కలిపే అమ్ముతున్నారు. అంతకు ముందు ఒకటే కొన్నవాళ్లకి రెండోది ఊరికే ఇచ్చారు. గేమ్ తెరిచే లాంచర్‌లో ఎడమ వైపు పేర్లలో జావాతోపాటు బెడ్‌రాక్ కూడా ఉంటుంది. అది ఇన్‌స్టాల్ చేసి, వరల్డ్ సెట్టింగ్స్‌లో మల్టీప్లేయర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇద్దరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండాలి. ఫోన్ రాత్రికి రాత్రి అప్‌డేట్ అయిపోయి ల్యాప్‌టాప్ పాత వెర్షన్‌లోనే ఉండిపోవడం మామూలే.

జావాలో కట్టుకున్న కోట మాత్రం దానంతట అది బెడ్‌రాక్‌లోకి రాదు. చంకర్ అనే ఉచిత టూల్‌తో మార్చుకోవచ్చు. ముందు ఫోల్డర్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి. రెడ్‌స్టోన్‌తో (గేమ్‌లో కరెంట్‌లా పనిచేసేది) చేసిన మెషీన్లు మారాక సరిగ్గా పనిచేస్తాయని ఆశ పెట్టుకోకండి.

వీడియోలు చూసి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేశాను, 25565 ఇచ్చాను. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు ట్రై చేస్తే ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తోంది. రౌటర్ మార్చాలా?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

మార్చకండి, డబ్బు దండగ. పోర్ట్ అంటే కంప్యూటర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కి ఉండే తలుపు నంబర్ లాంటిది, జావా ఎడిషన్ సర్వర్‌కి మామూలుగా 25565. బయటి నుంచి వచ్చే పిలుపుని రౌటర్ ఆ తలుపు దగ్గరికి పంపేలా చేయడమే పోర్ట్ ఫార్వర్డింగ్. ముందు ఆ మెసేజ్‌ని సరిగ్గా చదవాలి. ‘టైమ్డ్ అవుట్’ అంటే తమ్ముడు పంపిన పిలుపుకి ఎవరూ బదులివ్వలేదని. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే పిలుపు చేరింది కానీ ఆ పోర్ట్ దగ్గర గేమ్ లేదని. రెండిటికీ మందు వేరు.

మీ విషయంలో నా మొదటి అనుమానం నెట్ కంపెనీ ఇచ్చే ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ ఇంటి చిరునామా లాంటి నంబర్) మీద. పాత పద్ధతి అడ్రస్‌లు మొత్తం దాదాపు 430 కోట్లే. అవి చాలక చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లకి కలిపి బయటికి ఒకే అడ్రస్ చూపిస్తున్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఫ్లాట్ నంబర్ చెప్పకపోతే పార్సిల్ ఎవరికివ్వాలో తెలియదు కదా, ఇదీ అంతే. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా పై గేటు దగ్గరే ఆగిపోతుంది.

తేల్చుకోవడం సులువు. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో ‘వ్యాన్ ఐపీ’ (కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) అని ఉన్న నంబర్ రాసుకోండి. తర్వాత బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతకండి. రెండూ వేరైతే, లేదా రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, విషయం అదే. ఆ వరసని 2012లో ఈ పనికోసమే పక్కన పెట్టారు. కంపెనీని అడిగితే కొందరు నెలకింత అని తీసుకుని సొంత పబ్లిక్ ఐపీ ఇస్తారు.

రెండూ ఒకటే అయితే తప్పు ఇంట్లోనే. మీరు విడిగా సర్వర్ (వరల్డ్‌ని నడిపే ప్రోగ్రామ్) పెట్టకుండా, గేమ్‌లోంచే వరల్డ్‌ని ఇంటి నెట్‌వర్క్‌లోవాళ్లకి తెరిచే ‘ఓపెన్ టు లాన్’ నొక్కి ఆడుతుంటే పోర్ట్ 25565 కాకపోవచ్చు. నొక్కగానే చాట్‌లో ఒక ఐదంకెల నంబర్ వస్తుంది, అదీ అసలు పోర్ట్. మీరు వేరేది పెట్టుకోకపోతే ప్రతిసారీ మారుతుంది కూడా. ఇంకొకటి: మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ ‘ఓపెన్ జేడీకే ప్లాట్‌ఫామ్ బైనరీ’ అనే వింత పేరుతో పర్మిషన్ అడుగుతుంది. వైరస్ అనుకుని క్యాన్సిల్ కొట్టేవాళ్లే ఎక్కువ. అది జావా ఎడిషన్‌ని నడిపే ప్రోగ్రామే. ఫైర్‌వాల్ సెట్టింగ్స్‌లో మళ్లీ అనుమతి ఇవ్వండి.

ఈ తలనొప్పంతా ఎందుకంటారా? నా సలహా ఏటెర్నోస్ అనే వెబ్‌సైట్. ఉచితం, సర్వర్ వాళ్ల దగ్గరే నడుస్తుంది, మీ రౌటర్‌తో పనే లేదు. ఎవరూ ఆడకపోతే సర్వర్ ఆగిపోతుంది, మళ్లీ స్టార్ట్ నొక్కి కాసేపు క్యూలో ఉండాలి. నలుగురు ఫ్రెండ్స్‌కి ఆ మాత్రం ఓపిక ఉంటుంది. నెలనెలా డబ్బు కట్టగలిగితే మైన్‌క్రాఫ్ట్ వాళ్లే అద్దెకిచ్చే సర్వర్ రియల్మ్స్ ఇంకా హాయి. ఎక్కడ ఆడినా వైట్‌లిస్ట్ ఆన్ చేసి, మీవాళ్ల పేర్లే చేర్చండి.

హాస్టల్ వై-ఫైలో ఒకరి వరల్డ్ ఒకరికి కనబడదు.
– గుంటూరు

హాస్టళ్లలో ఒక ఫోన్ ఇంకో ఫోన్‌ని చూడకుండా సెట్టింగ్ పెడతారు. భద్రత కోసమే, వార్డెన్ మీద కోపం అనవసరం. ఒకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి మిగతావాళ్లు దానికి కనెక్ట్ అవ్వండి.

మా బాబుకి పదేళ్లు. ఫ్రెండ్ ఇన్వైట్ నొక్కితే మైక్రోసాఫ్ట్ అకౌంట్ సెట్టింగ్స్ వల్ల ఆన్‌లైన్‌లో ఆడలేవని వస్తోంది. పుట్టిన తేదీ మార్చి కొత్త అకౌంట్ తీస్తే చాలని వాడి క్లాస్‌మేట్ చెప్పాడట.
– ఒక తల్లి, మొగల్రాజపురం, విజయవాడ

ఆ పని మాత్రం చేయకండి. కొన్న గేమ్ పాత అకౌంట్‌లోనే ఉండిపోతుంది. పైగా కొత్త అకౌంట్‌కి పెద్దవాళ్ల సెట్టింగ్స్ వస్తాయి, ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మెసేజ్ పెట్టొచ్చు.

పిల్లల అకౌంట్‌కి ఈ అనుమతి ఇవ్వాల్సింది మీరే. మీ అకౌంట్‌తో లాగిన్ అయి, ఫ్యామిలీ గ్రూప్‌లో బాబు పేరు ఎంచుకుని, ఎక్స్‌బాక్స్ ప్రైవసీ పేజీకి వెళ్లండి. మల్టీప్లేయర్ గేముల్లో చేరడం అన్నదానికి ‘అలో’ పెట్టండి. చాట్ విడిగా ఉంటుంది, దాన్ని ‘ఫ్రెండ్స్’ దగ్గరే ఆపండి. ఇళ్లు కట్టుకోవడానికి చాట్ అంత అవసరం కూడా కాదు, పక్క ఫ్లాట్ పిల్లాడైతే బాల్కనీలోంచి అరుస్తాడు! సేవ్ చేశాక గేమ్‌లో సైన్ అవుట్ అయి మళ్లీ సైన్ ఇన్ అవ్వాలి. ఈ చివరి పని మర్చిపోయి పనిచేయలేదని రాసేవాళ్లు చాలామంది.

మా ఇంట్లో కరెంట్ పోతే ఫ్రెండ్స్ అందరూ బయటికి వచ్చేస్తున్నారు.
– భవానీపురం, విజయవాడ

వరల్డ్ మీ కంప్యూటర్‌లో ఉంది కాబట్టి. దాన్నీ రౌటర్‌నీ ఇన్వర్టర్ లైన్‌లో పెట్టించండి, లేదా పైన చెప్పినట్టు ఆన్‌లైన్ సర్వర్‌కి మారండి.

డబ్బు పెట్టకుండా ఆడాలంటే? ఫ్రెండ్ ఒక ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్ పంపాడు.
– కొత్తపేట, గుంటూరు

ఆ ఫైల్ తీసేయండి. పేరున్న సైట్లలో పెట్టిన మోడ్‌లలోకే (గేమ్‌కి బయటివాళ్లు చేసే చేర్పులు) 2023 జూన్‌లో పాస్‌వర్డ్‌లు కొట్టేసే వైరస్ దూరింది. ఎవరు తయారుచేశారో తెలియని ఏపీకేని ఏం నమ్ముతాం?

మైన్‌క్రాఫ్ట్ లాంటి గేములు ఆడుకునే లువాంటి అనే ప్రోగ్రామ్ ప్రయత్నించండి. 2024 అక్టోబర్ దాకా దీని పేరు మైన్‌టెస్ట్. ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది, ఫోన్ నుంచి కంప్యూటర్‌లో ఉన్న వరల్డ్‌లో చేరొచ్చు. తెరవగానే బోసిగా కనిపిస్తుంది, లోపలే ఉన్న కంటెంట్ లిస్ట్ నుంచి మైన్‌క్లోనియా లాంటి గేమ్ దించుకోవాలి. వరల్డ్ పెట్టేవాళ్లు ‘హోస్ట్ సర్వర్’ టిక్ చేయాలి. చేరేవాళ్లు ఆ కంప్యూటర్ ఐపీ, పోర్ట్ 30000 ఇస్తే చాలు.