పంగ పలకకు చిత్రిక కుదరకపోతే

ప్రశ్న: ఆచారి గారూ, మా కల్లంలో పాత దిరిసెన చెట్టు గాలివానకు పడిపోయింది. సామిల్లులో కోయిస్తే, పెద్ద కొమ్మలు చీలే చోటి పలకల్లో నెమలీక మాదిరి చారలు కనపడినాయి. డైనింగ్ టేబుల్ చేయమని మా ఊరి వడ్లాయనకు ఇస్తే, “చిత్రిక పడితే పెళ్లలు లేస్తాండాయి, పొయ్యిలో పెట్టుకోండి” అన్నాడు. నిజంగానే పనికిరాదా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: పొయ్యిలో పెట్టొద్దు నాయనా! దిరిసెన అంటే మనోళ్లకు చిన్నచూపు గానీ, అండమాన్ నుంచి పోయిన ఇదే చెక్కను దొరల కాలంలో ‘కొక్కో’ అనీ, ‘ఈస్టిండియా వాల్‌నట్’ అనీ పేర్లు పెట్టి అమ్ముకున్నారు.

పంగ దగ్గర రెండు కొమ్మల పోగులు ఒకదాన్నొకటి ఒత్తుకొని మెలి తిరుగుతాయి. వెలుతురు పడితే ఆ మెలికే చారగా కనపడేది. చిత్రిక కొంతదూరం పోగు వెంబడి నున్నగా పోతాది, అంతలోనే ఎదురు పోగు తగులుతాది, పెళ్ల లేస్తాది. పైగా దిరిసెనకు మామూలు చోట కూడా ఒక పొర పోగు కుడికి, ఇంకో పొర పోగు ఎడమకు వాలి ఉంటాది. మీ వడ్లాయన తిట్టుకోవడంలో తప్పు లేదు.

బ్లేడు బాగా నూరి, దాని మీది రేకును అంచుకు అర మిల్లీమీటరు దాకా జరిపి, ఏటవాలుగా, పల్చగా లాగమనండి. ఇంకా లేస్తుంటే చిత్రిక పక్కన పెట్టి గీకడమే. మా నాయన గాజుపెంకుతో గీకేవాడు. పాత రంపం రేకు ముక్క అంచు సాఫు చేసి వాడుకుంటే వేళ్లు తెగవు. ఆ తర్వాత ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180. ముక్కుకు గుడ్డ మాత్రం కట్టుకోమనండి, దిరిసెన పొడికి తుమ్ములు ఆగవు.

డైనింగ్ టేబుల్ మాట మరిచిపోండి. పోగు అడ్డంగా తిరిగిన చెక్క బరువు మోయదు, ఎండలకు వంగుతాది, పగులుతాది. ఇది కంటికి కనపడే చోట పెట్టాల్సిన చెక్క. పలకను మందంలో రెండుగా చీల్చి, కోసిన ముఖాలు పైకి వచ్చేట్టు పక్కపక్కన పెట్టండి, చారలు జోడు కుదురుతాయి. వాటిని అల్మారా తలుపులకు వేయించండి. చట్రం టేకుది. పలకను గాడిలో జిగురు పెట్టకుండా, కొంచెం సందు వదిలి కూర్చోబెట్టాల. మే నెలలో కుంచించుకుపోయేదీ, వానల్లో ఉబ్బేదీ ఆ సందులోనే సర్దుకుంటాది.

ఎప్పుడు కోయించినారో మీరు రాయలేదు. పచ్చిదైతే అంగుళం మందానికి ఏడాది ఆరాలని లెక్క. కొసలకు పెయింటు పూసి, మధ్యలో పట్టీలు పెట్టి, నీడలో పేర్చండి. అంచుల్లోని తెల్ల చెక్క తీసేయించండి, పురుగు పట్టేది దానికే. చేవ మాత్రమే ఉంచుకోండి. పాలిష్ షాపులో ముదురు రంగు అంటగడతారు, ససేమిరా అనండి. పల్చగా అవిసె నూనె, అది ఆరినాక లక్క పాలిష్, అంతే.

ప్రశ్న: మా పట్టా పొలంలో ఎర్రచందనం చెట్లున్నాయి. పోగులు అలల్లా తిరిగిన చెక్కకు ధర ఎక్కువంట కదా. అది బెరడు చూసి తెలుస్తుందా? ఒకటి కొట్టి చూద్దామా?
– ఒక రైతు, సిద్దవటం

జవాబు: బెరడు చూసి చెప్తామనే వాళ్లను గడప తొక్కనీయొద్దు. అల ఉందో లేదో ఖాయంగా తెలిసేది కోసినాకే, అదీ అన్ని చెట్లకూ రాదు. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీ వాద్యానికి మేలురకం మెడ ఈ చెక్కతోనే చేస్తారు. అందులో అల కనపడితే దాని విలువే వేరు. దొంగల కన్ను పడేది కూడా అందుకే.

మీ పొలంలో చెట్టయినా అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, బండిలో తరలించకూడదు. విదేశీ వ్యాపారానికి 1995 నుంచి సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) కట్టడి కూడా ఉంది. పాసుబుక్కు తీసుకొని రేంజి ఆఫీసుకు పోయి, అనుమతికి ఏమేం కాగితాలు కావాలో ముందు అడిగి రండి. గొడ్డలి సంగతి తర్వాత.