పి16 ఎక్కువుంటే మంచిదా, చెడ్డదా?

ప్రశ్న: గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన ముక్క పరీక్షలో ‘పి16 బ్లాక్ పాజిటివ్’ అని వచ్చింది. పి16 క్యాన్సర్‌ని అడ్డుకునే ప్రోటీన్ అని చదివాను. అడ్డుకునేది ఎక్కువుంటే మేలే కదా? మరి దీన్ని చెడు గుర్తుగా ఎందుకు చూస్తున్నారు?

జవాబు: మీరు చదివింది నిజమే. 9వ క్రోమోజోము మీదున్న సీడీకేఎన్2ఏ జన్యువు నుంచి వచ్చే చిన్న ప్రోటీన్ ఇది, 156 అమైనో ఆమ్లాలే. కణం రెండు కావాలంటే ముందు డీఎన్‌ఏకి నకలు తీసుకోవాలి. అందుకు కావలసిన జన్యువులను లేపేది ఈ2ఎఫ్ అనే ప్రోటీన్. దాన్ని ఆర్‌బీ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. సీడీకే4, సీడీకే6 ఎంజైములు సైక్లిన్ డి తోడుతో ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తే ఆ పట్టు సడలుతుంది. పి16 ఆ ఎంజైములకు అతుక్కుని సైక్లిన్ డితో జతకట్టనివ్వదు. అంటే పి16 అదుపు చేయగలగడం ఆర్‌బీ పనిచేస్తున్నంత వరకే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దారితీసే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) దెబ్బ తీసేది సరిగ్గా ఆ ఆర్‌బీనే. వైరస్ తాలూకు ఈ7 ప్రోటీన్ దాన్ని నాశనం చేయిస్తుంది. పి16 తయారీని అణిచి ఉంచేవాటిలో ఆర్‌బీ కూడా ఒకటి కాబట్టి, అది పోగానే పి16 కుప్పలుగా తయారవుతుంది. సైకిల్ బ్రేకు ఎంత గట్టిగా నొక్కి పట్టినా, చక్రాన్ని తాకాల్సిన రబ్బర్లు ఊడిపోతే బండి ఆగదు. పరీక్షలో పి16 ఉన్నచోట స్లైడు మీద కనిపించే రంగు, పనికిరాకుండా నొక్కుతున్న బ్రేకు. (మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో చాలాసార్లు దీనికి తలకిందులు: పి16 జన్యువే పోతుంది, రంగే ఉండదు.)

‘బ్లాక్’ అన్న మాట ముఖ్యం. అడుగు వరుస కణాల నుంచి మొదలై, మధ్యలో తెగకుండా, కేంద్రకంతో సహా కణాలు ముదురు గోధుమ రంగుకి తిరగాలి. ఆ రంగు, ముఖద్వారాన్ని కప్పి ఉండే పొర మందంలో కనీసం మూడో వంతు దాకా పైకి ఎక్కాలి. అక్కడొకటి ఇక్కడొకటి రంగెక్కితే నెగటివ్ కిందే లెక్క.

బ్లాక్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. క్యాన్సర్‌కి ముందుండే తీవ్రమైన మార్పును అది బలపరుస్తుంది, అంతే. కొన్ని తేలికపాటి మార్పుల్లోనూ ఇలాగే రంగు రావచ్చు. అందుకే మామూలు రంగు వేసిన స్లైడులో కణాల తీరు ఎలా ఉందో రిపోర్టులో చూసి, చికిత్స గురించి దాన్నిబట్టే మీ డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: పి16 అంటే హెచ్‌పీవీ 16వ రకమేనా?

జవాబు: కాదు. పి16లోని 16 ప్రోటీన్ బరువు, కిలోడాల్టన్లలో. వైరస్‌లోని 16 దాని వరుస సంఖ్య. 18వ రకం సోకినా పి16 పెరుగుతుంది. వైరస్ లేకుండానే ఆర్‌బీ పోయిన ఊపిరితిత్తుల చిన్న కణాల క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది. కాబట్టి ఏ భాగం నుంచి తీసిన ముక్కో తెలియకుండా పి16 ఫలితానికి అర్థం చెప్పకూడదు. నోటి వెనుక గొంతు భాగపు క్యాన్సర్‌లో అయితే కొలతే వేరు: కనీసం 70 శాతం క్యాన్సర్ కణాలకు బాగా రంగు పట్టాలి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముక్కను పొదిగిన ఒకే మైనపు బ్లాకు నుంచి కోసినా పి16 ఒక స్లైడులో ముదురుగా, ఇంకోదాంట్లో వెలిసినట్టు వస్తోంది. తప్పెక్కడ?

జవాబు: బ్లాకు ఒకటే కాబట్టి ముక్కను నిల్వ చేసిన ఫార్మలిన్‌ని అనుమానించకండి. ముందు మందం చూడండి. 4 మైక్రాన్లకు కోయాలి. మందం పెరిగితే రంగూ ముదురుతుంది. తర్వాత, వెలిసిన స్లైడు ఎప్పుడు కోసిందో చూడండి. కోసి చాలాకాలం ఉంచితే యాంటిజెన్ (రంగు పట్టాల్సిన పి16) తగ్గిపోతుంది. రెండూ సరిగ్గా ఉంటే రిట్రీవల్ (యాంటిజెన్‌ని మళ్లీ బయటపెట్టే దశ) బఫర్ పీహెచ్, వేడి, సమయం సరిచూసుకోండి. అంచుల్లోనే ముదురుగా ఉంటే మధ్యలో ఎక్కడో స్లైడు ఆరిపోయినట్టు; దాన్ని చదవకుండా మళ్లీ వేయండి. ప్రతి స్లైడు మీదా టాన్సిల్ ముక్క కంట్రోల్‌గా పెట్టండి. దాని పగుళ్లలోని పొరలో అక్కడక్కడా కణాలకు రంగు రావాలి. రాలేదంటే మీ నెగటివ్‌ను నమ్మకండి.